ఖుత్బాలో పేరు, కొట్టంలో పీరు

మొదటి రోజు: బీదర్

జహీరాబాద్ బస్టాండులో మామ నాకంటే ముందే వచ్చి కూచున్నాడు. ఒళ్ళో గొడుగు, చేతిసంచి, సంచిలో భూతద్దం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మా తాత పట్వారీ కాబట్టి మామకు ఇంట్లోనే ఉర్దూ వచ్చింది. పాత దస్తావేజు చదివించుకోవాలంటే మా మండలంలో ఇప్పటికీ ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. ఈ తిరుగుడంతా ఆయన పుణ్యమే.

పోయిన ఏడు పీర్ల పండక్కి ఊరికి పోయినప్పుడు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మనూళ్ళో ముస్లింల ఇళ్ళు మూడే కదా, ఆ మూడూ సున్నీలవే. హుసేన్ కోసం గుండెలు బాదుకునేది షియాలు కదా. మరి ఈ పీర్లు మనూరికి ఎట్లా వచ్చాయి?" నేను నీళ్ళు నమిలాను. మామ ఆకు వక్క నములుతున్నాడు. "వచ్చిన దారి ఉంటది గదా, పోయి చూసొద్దాం పా" అన్నాడు. అనడమే కాదు, ఈ ఏడు మొహర్రం నెల చంద్రుడు కనపడగానే ఫోన్ చేసి గుర్తు చేశాడు.

బస్సు కదిలేలోపు రెండు ముక్కలు. 632లో మహమ్మద్ ప్రవక్త పోయాక ఆయన తర్వాత ముందు నడిచే హక్కు ఎవరిదన్న దగ్గర చీలిక మొదలైంది. వరసగా వచ్చిన నలుగురు ఖలీఫాలూ సరైనవాళ్ళేనన్నవాళ్ళు సున్నీలయ్యారు. ఆ హక్కు ప్రవక్త అల్లుడు అలీదీ, ఆయన సంతతి ఇమాములదీ అన్నవాళ్ళు షియాలయ్యారు. 680లో అలీ కొడుకు హుసేన్‌ను కర్బలాలో చంపారు. అది మొహర్రం పదో రోజు. చాలా వందల ఏళ్ళ తర్వాత, 1501లో, షా ఇస్మాయిల్ ఇరాన్ గద్దెక్కి షియాను రాజ్యమతం చేశాడు. అతనికి పడమట ఒట్టోమన్లు సున్నీలు. కొన్నాళ్ళకు తూర్పున మొగలులొచ్చారు, వాళ్ళూ సున్నీలే. ఈ పోటీ గాలి సముద్రం మీదుగా దక్కనుకు కొట్టింది. ఆ గాలికి ఇక్కడ ఏమేం కదిలాయో చూడటమే మా పని.

బీదర్ గంట దారి. దిగేసరికి చినుకులు. మహమూద్ గవాన్ మదరసా ముందు మామ గొడుగు విప్పి, భూతద్దం తీసి, గోడ మీది నీలి పింగాణి పలకలను కాసేపు చూశాడు. నీలం, పసుపు, ఆకుపచ్చ. వాన తడికి రంగు తేలింది. ఒకప్పుడు ముందువైపంతా ఇట్లాగే ఉండేదట. ఇప్పుడు అక్కడక్కడ అతుకుల్లా మిగిలాయి. మినార్ కూడా ఒకటే నిలిచి ఉంది. 1696లో మందుగుండు పేలి మిగతాది పోయింది. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారానికని వచ్చి బహమనీల ప్రధాని అయినవాడు. దీన్ని 1472లో పూర్తి చేశాడు. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే, తాగి ఉన్న సుల్తాన్ చేతిలో ఒక దొంగ ఉత్తరం పెట్టి, గవాన్ తల తీయించారు.

ఆ ఉత్తరం పుట్టించింది దక్కనీల వర్గం. ఓడల్లో వచ్చిన ఇరానీలను, మధ్య ఆసియా తురానీలను అఫాకీలనేవాళ్ళు. ముందునుంచీ ఇక్కడ ఉన్నవాళ్ళు దక్కనీలు, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు చాలావరకు వాళ్ళ పక్కనే. అఫాకీల్లో షియాలు ఎక్కువ, దక్కనీల్లో సున్నీలు ఎక్కువ. ఇంత చెప్పగానే మామ మొహం వెలిగింది. "ముల్కీ, గైర్‌ముల్కీ లొల్లి అన్నట్టు!" 1969 తెలంగాణ ఉద్యమంలో జెండా పట్టుకుని ఊరేగిన మనిషి మరి. ఆ పోలిక తప్పేం కాదనుకుంటాను. మతం పేరుతో జరిగిన చాలా కొట్లాటల అడుగున నౌకరీల లెక్క ఉంది.

మధ్యాహ్నం ఆష్టూరు. బహమనీల సమాధులు ఊరి బయట పొలాల పక్కన వరుసగా ఉంటాయి. అహ్మద్ షా సమాధి లోపల చీకటి. కాపలాదారు గుమ్మం దగ్గర నిలబడి అద్దం ముక్కతో ఎండను లోపలికి కొట్టాడు. మబ్బు తొలగినంతసేపే అది. అంత చీకట్లోంచి ఎరుపూ బంగారమూ కలిసిన గుమ్మటం ఒక్కసారిగా బయటపడింది. మళ్ళీ మబ్బు, మళ్ళీ చీకటి. ఆ మెరుపుల్లోనే మామ అక్షరాలు పట్టుకునే ప్రయత్నం చేశాడు. "మహమ్మద్ అని ఉంది. ఇదిగో అలీ. మళ్ళీ అలీ." ఇరాన్‌లోని కిర్మాన్ ప్రాంతపు సూఫీ గురువు షా నిమతుల్లాను అహ్మద్ షా రమ్మని కబురు పెట్టాడు. గురువు తాను రాకుండా మనవణ్ణి పంపాడు. తర్వాత కొడుకూ వచ్చి ఇక్కడే మట్టిలో కలిశాడు. ఇరాన్‌లో షియా రాజ్యం రావడానికి ఎనభై ఏళ్ళ ముందు మాట ఇది. దారి అప్పుడే పడింది, తర్వాత దాని మీద బరువు పెరిగింది.

విచిత్రమేమంటే, ఈ సుల్తాన్ ఉరుసును హోలీ పోయాక మన పంచాంగం లెక్కనే చేస్తారు. మడియాళ నుంచి జంగమయ్య వస్తాడు. లింగాయతులకు ఈయన అల్లమప్రభు.

సాయంత్రం బిద్రీ పనివాళ్ళ వీధికి పోయాం. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసిన చిన్న కూజా ఒకటి ఒక పనివాడి ఒళ్ళో ఉంది. సన్నని ఉలితో గాడి తీశాడు. అందులో వెండి తీగ పెట్టి సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. ఆకురాయితో రుద్దేసరికి వెండేదో లోహమేదో తెలీకుండా అంతా ఒకే తెలుపయింది. "ఇప్పుడు చూడండి" అని పాత కోట మట్టిని నవాసారం నీళ్ళలో కలిపి, వేడి చేసిన కూజాకు పట్టించాడు. క్షణాల్లో లోహం కాటుక నలుపైంది. వెండి మాత్రం తెల్లగా అట్లాగే ఉంది. ఏ మట్టి పనికొస్తుందో నాలుక మీద పెట్టుకుని రుచి చూసి చెప్తారట. మామ ఆ మట్టిని చిటికెడు అడిగి తీసుకుని నోట్లో వేసుకుని "ఉప్పగుంది" అన్నాడు. పనివాడు నవ్వాడు. ఈ పని ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళతోనే మొదలైందని చెప్పుకుంటారు. నల్లబడాలంటే మాత్రం బీదర్ మట్టే కావాలి.

రెండో రోజు: దారిలో

బస్సు పైకప్పు కారింది. నా సీటు మీదనే కారింది. ఇంతకు మించి ఈ రోజు గురించి చెప్పుకోవాల్సింది కలబురగిలో దొరికిన రెండు గంటలు మాత్రమే.

ఖ్వాజా బందేనవాజ్ దర్గాలో జనం కిక్కిరిసి ఉన్నారు. చిష్తీ సూఫీ, సున్నీ. అహ్మద్ షా గద్దెక్కిన 1422లోనే ఆయన పోయారు. కొన్నేళ్ళకే రాజధాని ఇక్కణ్ణుంచి బీదర్‌కు మారింది, గురువు మనవడు కిర్మాన్ నుంచి వచ్చాడు. రాజు ఊరితోపాటు గురువునూ మార్చుకున్నాడన్నమాట. జనం ఇక్కణ్ణుంచి కదల్లేదు, ఆరువందల ఏళ్ళయినా కదల్లేదు. బయట హోటల్లో జొన్నరొట్టె, ఎణ్ణెగాయి తిని మళ్ళీ బస్సెక్కాం. విజయపుర, అంటే పాత బీజాపూర్, చేరేసరికి రాత్రి పది దాటింది. దొరికిన లాడ్జిలో నల్లులు. దాని పేరు రాయను, మామ పెట్టిన శాపనార్థాలు చాలు.

మూడు, నాలుగు రోజులు: విజయపుర

దక్కనులో ఈ పోటీ ఎంత తిరిగిందో తెలియాలంటే బహమనీల తర్వాత వచ్చిన బీజాపూర్ రాజుల వరస ఒక్కటి చదివితే సరిపోతుంది. ఇబ్రహీం రౌజా అనే సమాధి ముందు గడ్డి మీద కూర్చుని మామకు ఆ వరస వినిపించాను. ఆయన వేళ్ళు మడుస్తూ విన్నాడు.

యూసుఫ్ ఆదిల్‌షా: ఇరాన్‌లో షా ఇస్మాయిల్ ప్రకటన వెలువడిన ఒకటి రెండేళ్ళకే ఇక్కడ శుక్రవారం ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లు చదివించాడు. చుట్టుపక్కల సున్నీ రాజ్యాలు ఏకమై మీద పడటంతో వెనక్కి తగ్గాడు. కొడుకు ఇస్మాయిల్: మళ్ళీ షియా. ఇరాన్ షా పేరు మీద దువా. సిపాయిలకు పన్నెండు కొనల ఎర్ర టోపీ. మనవడు మొదటి ఇబ్రహీం, 1534: మళ్ళీ సున్నీ. ఎర్ర టోపీ నిషేధం. అఫాకీల్లో చాలామంది నౌకర్లు ఇంటికి. అతని కొడుకు మొదటి అలీ, 1558: మళ్ళీ షియా, అఫాకీలు వాపస్. 1580లో రెండో ఇబ్రహీం చిన్నపిల్లవాడిగా గద్దెక్కాడు. పెత్తనం హబ్షీ సర్దారు దిలావర్ ఖాన్ చేతికి వచ్చాక మళ్ళీ సున్నీ.

"ఆగు ఆగు. వేళ్ళు చాల్త లేవు" అన్నాడు మామ. "తండ్రి ఒకటంటే కొడుకు ఇంకోటన్నాడు. మరి జనం?"

ఆ ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. ఖుత్బా అంటే శుక్రవారం నమాజుకు ముందు మసీదులో చేసే ప్రసంగం. అందులో ఎవరి పేరు వినపడితే వాడిది రాజ్యం. మన ఆఫీసుల్లో ప్రభుత్వం మారగానే గోడ మీద ముఖ్యమంత్రి ఫోటో మారుతుంది చూడండి, అట్లాంటిది. ఫోటో మార్చడానికి మేకు చాలు. కానీ ఫోటోతోపాటు గుమాస్తాలు కూడా మారితే రోజువారీ బతుకు మారుతుంది. మొదటి ఇబ్రహీం ఇరానీలను పంపించేశాక పద్దులెవరు రాయాలి? ఫార్సీ లెక్కల స్థానంలో స్థానిక భాషల లెక్కలు వచ్చాయి. ఇక్కడి బ్రాహ్మణులకు దఫ్తరుల్లో చోటు పెరిగింది. సున్నీ రాజు షియాలమీది కసితో చేసిన పని వల్ల మరాఠీకి కచేరీలో కుర్చీ దొరికింది. అతను అందుకోసమే చేశాడని నేననను. కొన్ని మంచి పనులు ఇట్లా అడ్డదారిన జరుగుతాయి.

మేం కూర్చున్న రౌజా రెండో ఇబ్రహీందే. తలుపుల పక్కన కిటికీలున్నాయి. వాటికి ఊచలు లేవు, రాతిని తొలిచి అరబ్బీ అక్షరాలనే జాలీగా చేశారు. అక్షరాల మధ్య సందుల్లోంచి వెలుతురు లోపలికి పోతుంది. మామ పావుగంట భూతద్దంతో కుస్తీ పట్టాడు. ఒక దాని మీద ఒకటి ఎక్కిన అక్షరాలు. "దస్తావేజు అయితే చదువుత. ఇది ముగ్గులెక్క ఉంది" అని వదిలేశాడు. ఇదే రాజు తన పాటల్లో సరస్వతినీ గణపతినీ కొలిచాడు. ఆ పాటలు దక్కనీలో రాశాడు. షియా, సున్నీ కాట్లాట మధ్య పెరిగిన పిల్లవాడు సంగీతంలోకి పారిపోయాడేమోనని నా అనుమానం. రుజువులేం లేవు, ఆ కిటికీల ముందు కూర్చుంటే అట్లా అనిపిస్తుంది, అంతే.

గోల్ గుంబజ్ ఎక్కాం. స్కూలు పిల్లలు అరిచిన అరుపులు అరడజను సార్లు తిరిగొచ్చాయి. దిగాం.

మర్నాడు శుక్రవారం. నమాజుకు ముందే జామా మసీదులో మెహ్రాబ్, అంటే మక్కా వైపు గోడలోని గూడు, తెర ఎత్తి చూపించారు. గోడనిండా బంగారు పూత, గీసిన పూలకుండీలు, గూళ్ళలో పేర్చినట్టు గీసిన పుస్తకాలు. 1636 నాటి పని. ఆ సంవత్సరమే షాజహాన్ సేనలు దక్కను మీదికి దిగి బీజాపూర్ చేతా గోల్కొండ చేతా ఒప్పందాలు రాయించుకున్నాయి. బీజాపూర్ అప్పటికి సున్నీ. దాని ఖుత్బాలోంచి కొట్టేయడానికి ఇమాముల పేర్లు లేవు. గోల్కొండ సంగతి వేరు, అది రేపు.

జనం రావడం మొదలవగానే మేం పక్క వసారాలోకి జరిగాం. మైకులో ఖుత్బా మొదలైంది. మామ చెవి దగ్గర చేయి పెట్టుకుని విన్నాడు. "రాజు పేరు లేదు" అన్నాడు. ఉండదు మరి. 1686లో ఔరంగజేబు ఈ ఊరు గెలిచాక ఆదిల్‌షాల పేరు చదివే అవసరం పోయింది. తర్వాత మొగలుల పేరూ పోయింది. నేల మీద ఒక్కొక్కరికీ విడివిడిగా గీసిన నమాజు గళ్ళు మాత్రం ఉన్నాయి, రెండు వేల పైచిలుకు. అవి ఔరంగజేబు గీయించినవంటారు. వాటిలోనే ఇవాళా ఒద్దికగా నిలబడుతున్నారు.

రాత్రి హైదరాబాద్ బస్సు. కిటికీ పక్క సీటు కోసం మామతో వాదించి ఓడిపోయాను.

ఐదో రోజు: గోల్కొండ, పాతబస్తీ

పొద్దున్నే గోల్కొండ దర్వాజా దగ్గర దిగాం. ఆషాఢం కదా, దారి పొడుగునా బోనాల ఫ్లెక్సీలు. వాటి మధ్యలోంచి నల్ల చొక్కాలు వేసుకున్న కుర్రాళ్ళు బైకుల మీద పోతున్నారు. ఇవాళ మొహర్రం తొమ్మిది.

ఇంతవరకూ చూసింది ముందుమాట. కథ ఇక్కడుంది. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చి కుతుబ్‌షాహీ గద్దె నిలిపిన సుల్తాన్ కులీ మొదటినుంచీ షియా. ఇక్కడ ఖుత్బాలో ఇమాముల పేర్లు చదివారు, ఇరాన్ షా పేరూ చదివారు. బీజాపూర్ మాదిరి అటూ ఇటూ ఊగలేదు. కానీ చుట్టూ చూస్తే తనవాళ్ళు తక్కువ. రాజ్యంలో ఎక్కువమంది తెలుగువాళ్ళు, ముస్లింలలో సున్నీలు తక్కువేం కాదు, ఉత్తరాన మొగలులు. ఇరాన్ షా మాటసాయమే గాని సిపాయి సాయం కాదు. షా అబ్బాస్ పంపిన దూత ఇక్కడ ఆరేళ్ళు కూర్చుని, రాజకుమారి హయాత్ బక్షీని తమ రాకుమారుడికి అడిగాడంటారు. తండ్రి మహమ్మద్ కులీ ఆ పిల్లను తన తమ్ముడి కొడుక్కే ఇచ్చాడు.

మరి ఆసరా ఎవరు? ఊళ్ళను చేతిలో పెట్టుకున్న తెలుగు నాయక్వాడీలు, లెక్కలు రాసే నియోగులు. ఇబ్రహీం కుతుబ్‌షా ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకుని వచ్చినవాడు. మన కవులు అతణ్ణి మల్కిభరాముణ్ణి చేశారు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చాడు. అతని అధికారి అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యం అంకితమిచ్చాడు. రానురాను ఫర్మానాల్లో ఫార్సీతోపాటు తెలుగూ చేరింది. చివరి రాజు తానాషా దగ్గర పెత్తనమంతా మాదన్నది. ఇదంతా ఒట్టి ఉదారత అని మన పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఉదారతే, కాదనను. దాని వెనక ఒంటరి షియా రాజ్యం అవసరం కూడా ఉంది. అవసరం కొద్దీ చేసిన స్నేహాలు చాలాసార్లు గట్టిగానే ఉంటాయి. అట్లాగని అన్నిటికీ మతమే తాళంచెవి కాదు. 1565లో షియా గోల్కొండా సున్నీ బీదరూ భుజం భుజం కలిపి విజయనగరం మీదికి పోయాయి. ఇబ్రహీంను చేరదీసిన రామరాయల తల ఆ యుద్ధంలోనే తెగింది.

మామ రామదాసు బందీఖానా దగ్గర దండం పెట్టుకున్నాడు. మెట్లెక్కనన్నాడు. కిందనే టీ తాగి సమాధుల తోటకు పోయాం. నల్లరాతి సమాధుల మీద అక్షరాలు పద్నాలుగు మంది మాసూముల మీద దీవెనలు: ప్రవక్త, ఆయన కూతురు ఫాతిమా, పన్నెండుమంది ఇమాములు. మొగలు షరతు మాట గుర్తొచ్చింది. 1636లో అబ్దుల్లా కుతుబ్‌షా చేత రాయించుకున్న దాంట్లో ఏడాదికి రెండు లక్షల హొన్నుల కప్పంతో పాటు మరోటి ఉంది: ఖుత్బాలో పన్నెండుమంది ఇమాముల పేర్లు తీసేసి నలుగురు ఖలీఫాల పేర్లు చదవాలి, ఇరాన్ షా పేరు బదులు షాజహాన్ పేరు రావాలి. అబ్దుల్లా ఒప్పుకున్నాడు. శుక్రవారం నాటి పేర్లు మారాయి.

మొహర్రం మాత్రం తగ్గలేదు సరికదా, అతని కాలంలోనే ఇంకా పెరిగింది. ఆ పది రోజులూ కోట నౌబత్ మోగేది కాదు, మాంసం, తాంబూలం బంద్. హిందూ ఉద్యోగులు కూడా దుఃఖపు దుస్తులు కట్టేవాళ్ళు. ఊళ్ళల్లోకి పీర్లు పోయింది ఈ దారినే. రాజు మెప్పు కోసం దేశముఖులు, పటేళ్ళు నిలబెట్టారు, ఇనాం భూములు వచ్చాయి, చావిళ్ళు లేచాయి. మసీదులో పేరు చదవడానికి మౌల్వీ కావాలి. పీరు ఎత్తడానికి భుజం ఉంటే చాలు.

తోటలో ఏడుగురు రాజులవీ గుమ్మటాలున్నాయి, తానాషాది లేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లంచం తిన్న సర్దారు తలుపు తీస్తే కోట పడింది. తానాషాను దౌలతాబాద్ కోటలో ఉంచారు. అక్కడే పోయాడు.

సాయంత్రం పాతబస్తీ. ముందు మక్కా మసీదు. షియా సుల్తాన్ పునాది వేశాడు, సున్నీ బాద్‌షా ఔరంగజేబు 1694లో ముగించాడు. మినార్లు అనుకున్నంత ఎత్తు లేవలేదు. గోడలో ఎక్కడ ఒకరి పని ఆగి ఇంకొకరిది మొదలైందో మామ కాసేపు వెతికాడు. దొరకలేదు, రాయి ఒకటే.

పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు చేరేసరికి లోపల మర్సియా, హుసేన్ కోసం పాడే శోకగీతం, చదువుతున్నారు. చెప్పులు విడిచి ఒక మూల నిలబడ్డాం. గోడ మీద పలకలతో కూర్చిన పెద్ద పీర్ల బొమ్మలు, నీలం మీద పసుపు. దగ్గరికి పోయి చూస్తే పైభాగంలో ఒక్కో రంగుకూ ఒక్కో ముక్క కోసి అతికిన అతుకు వేలికి తగులుతుంది. కొంత కిందికి వస్తే అతుకు లేదు, నున్నటి రంగు మాత్రమే. 1908 మూసీ వరదకు కింది పలకలు పోతే వాటి బొమ్మే రంగుతో వేశారు. దూరానికి తేడా తెలీదు. మహమ్మద్ కులీ 1590లలో దీన్ని కట్టించినప్పుడు రాత్రికొక వరుస చొప్పున పది రాత్రులూ దీపాలు పెరుగుతూ పోయేవట. ఔరంగజేబు గెలిచాక ఇది మూతపడింది. దాదాపు ఎనభై ఏళ్ళకు నిజాం అలీఖాన్ మళ్ళీ తెరిపించి, ముందు ఈ చెక్క స్తంభాల మంటపం వేయించాడు. నిజాములు సున్నీలు. ఏడో నిజాం తల్లి జ్ఞాపకంగా ఏకంగా కొత్త ఆషూర్‌ఖానానే కట్టించాడు. తమ ముందటి మొగలులు ఎవరిని ఓడించి ఈ నేల మీదికి వచ్చారో వాళ్ళ ఏడుపును వీళ్ళే మోశారు.

రాత్రి పత్తర్‌గట్టిలో నాల్ సాహెబ్ పీరు లేచింది. హుసేన్ శిరస్త్రాణం ముక్క అందులో ఉందని నమ్మకం. బీజాపూర్ మీదుగా గోల్కొండకు వచ్చిందని చెప్పుకుంటారు. "మనమొచ్చిన దారే" అన్నాడు మామ. తోపులాటలో ఆయన చెప్పు ఒకటి పోయింది. రెండోది కూడా అక్కడే విడిచి పెట్టి లాడ్జి దాకా ఉత్త కాళ్ళతో నడిచాడు. "అందరూ అట్లనే నడుస్తున్నరు, నాకేం నామోషి" అన్నాడు.

ఆరో రోజు: దబీర్‌పురా, మా ఊరు

మధ్యాహ్నం దబీర్‌పురాలో బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయల్దేరింది. ఏనుగును కర్ణాటక నుంచి తెప్పించారట. ఫాతిమాకు అంత్యస్నానం చేయించిన పలక ముక్క అందులో ఉందంటారు. ముందు కుర్రాళ్ళు రొమ్ములు బాదుకుంటూ, కొందరు రక్తాలు కారుతూ. పక్క మేడ మీంచి ఒక ముసలమ్మ బొట్టు పెట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని, పీరుకు కట్టే దట్టీ గుడ్డ కిందికి వదిలింది. ఎవరో అందుకుని ముందుకు చేరవేశారు. చాదర్‌ఘాట్ దాకా పోవాలని ఉన్నా మేం మధ్యలోనే తప్పుకున్నాం. మా ఊరి పీర్లు పొద్దుగూకే లోపు వాగుకు పోతాయి.

ఆటో, బస్సు, మళ్ళీ ఆటో. దిగేసరికి డప్పులు వినపడుతున్నాయి. అలావా గుంట చుట్టూ ఆట అయిపోయి నిప్పులు బూడిద కడుతున్నాయి. పీర్ల కొట్టానికి ఇప్పుడు రేకులు వేశారు. ఊదు వాసన మాత్రం చిన్నప్పటిదే. పెద్ద పీరు ఎత్తింది గొల్ల పిలగాడు. పూనకంలో ఊగుతున్నాడు, ఇద్దరు నడుం పట్టుకున్నారు. మా అమ్మ కుడుకలు, మలీద పట్టుకుని వరసలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "ఎటు పోయిన్రు, పండగ పూట?" అంది.

ముజావర్ సాయిబుకు మామ ఈడే. ఈసారి ఆయన పక్కన కొడుకు లేడు. పట్నంలో ఉంటాడు, నమాజు మానడు. పీర్లు చేయడం దీన్‌లో, అంటే మతంలో, లేదంటాడట. "పోన్లే సాయిబూ, మనం ఉన్నన్ని దినాలు" అన్నాడు మామ. సాయిబు తలూపాడు గాని మాట్లాడలేదు. మా అమ్మాయి ప్రశ్న ఆయన్ను అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి అడగలేదు.

వాగులో నీళ్ళు మోకాలి బంటి ఉన్నాయి. పీర్ల దట్టీలు ఒక్కొక్కటీ విప్పారు. ఎరుపు, పచ్చ, జరీ, ఎవరో మొక్కుకుని కట్టిన రవికె గుడ్డ. అన్నీ విప్పాక మిగిలింది చేతి ఆకారంలో ఇత్తడి పంజా. ఇంత చిన్నదా అనిపించింది. సాయిబు దాన్ని నీళ్ళలో ముంచి తీసి, తుడిచి, మామ చేతికిచ్చాడు. "పటేలా, దీని మీద ఏదో రాసుంది అంటరు. నీకు చదువొచ్చు గద."

మామ సంచిలోంచి భూతద్దం తీశాడు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. బీదర్‌లో మెరుపుల్లో వెతికినవాడు, బీజాపూర్‌లో ముగ్గులని వదిలేసినవాడు, ఇక్కడ వేలు పెట్టి మెల్లగా చదివాడు. "మహమ్మద్. అలీ. ఫాతిమా." వేలు కిందికి జరిగింది, ఆగింది. భూతద్దం దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "ఇంకా రెండు పేర్లుండాలె, హసన్, హుసేన్. అరిగిపోయినయి."

"చింతపండు" అన్నాడు సాయిబు. "ఏటేటా తోముతం గద. మా తాత కాడికెల్లి."

పంజాను తెల్ల గుడ్డలో చుట్టి సందూకులో పెట్టాడు. తాళం తుప్పు పట్టి తిరగలేదు. గొల్ల పిలగాడు రాయి తీసుకుని రెండు దెబ్బలు వేస్తే పడింది.